మంచుదారిలో మూడు దినములు



యాత్ర యనగానే మనవారికి కాశియో, రామేశ్వరమో, ఏడుకొండలో మనసున మెదలును. దైవదర్శనమును ముఖ్యముగా నెంచుకొనక, కేవలము కొండలను, మంచును చూచుటకై, అందును రెండు కుక్కలను వెంటబెట్టుకొని, చలికాలమున బయలుదేరిన ప్రయాణమును గూర్చి వ్రాయబూనుట మీలో కొందరికి వింతగా తోపవచ్చును. మా అత్తగారికి నట్లే తోచినది. "పిల్లలతో యాత్ర విన్నాను, ముసలివాళ్లతో విన్నాను, కుక్కలతో యాత్ర ఏమిటమ్మా!" అని యామె గడపలో నిలిచి నవ్వినది. నాకును లోలోపల నదే యనిపించినది. అయినను పోయితిని. పోయి యొక తప్పు చేసితిని. దానిని దాచిపెట్టి కొండల సొగసు మాత్రమే వర్ణించి యూరకుండుట నా వలన కాలేదు.

మేము విజయనగరమున కాపురమున్నాము. మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఈ ప్రయాణమును సంకల్పించినది నా చిన్ననాటి స్నేహితురాలు. ఆమె పశువైద్యురాలు, ఊరిలో అందరును డాక్టరమ్మ యనియే పిలుతురు. ఆమె భర్త కొండదారులలో బండి నడుపుటయందు నేర్పరి. మూడవవారు మా వీధిచివర నివసించు పెద్దక్కయ్యగారు. రెండేండ్ల క్రిందట ఆమె భర్త కాలము చేసిరి. కుమారుడు దూరదేశమున ఉద్యోగమున నున్నాడు. ఇంటిలో ఆమెకు తోడు భైరవుడొక్కడే. వాడు పదునొకండేండ్ల ముసలి కుక్క, గోధుమవన్నెవాడు, ఒక చెవి నిలిచియు, ఒక చెవి వ్రాలియు నుండును. వానలో తడియుచున్న కూనను ఆయన తన తువాలులో చుట్టి ఇంటికి దెచ్చిరట. ఇప్పుడు వానికి చూపు మందగించినది. వినికిడి యంతకన్నను మందగించినది. రెండవది డాక్టరమ్మ పెంచుకొన్న చిట్టి. పిడికెడు తెల్లని బొచ్చు, ఇంటెడు రొద.

నాకు కుక్కలన్న భయము. అది మడియాచారముల వలన కలిగిన రోత యని అందరు ననుకొందురు. నేనును అట్లే అనుకొననిత్తును. నిజమది కాదు. నా తొమ్మిదవ యేట మా మేనమామ కుమారుని, నా యీడువానిని, వీధికుక్క కరచినది. గాయము గోరంత. పెద్దలు ఆకుపసరు పూసిరి, తాయెత్తు కట్టించిరి. ఆసుపత్రికి మాత్రము తీసికొనిపోలేదు. రెండు మాసములు వాడు మాతో ఆడుచునే యుండెను. పిమ్మట నొకనాడు మంచినీళ్లు త్రాగలేకపోయెను. అంతకు మించి వ్రాయజాలను. ఆ వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిదప మనిషిని బ్రదికించుట దాదాపు అసాధ్యము; కనబడక ముందు ఆపుట సులభము. 1885లో ఫ్రాన్సు దేశమున పాశ్చరు మహాశయుడు తొమ్మిదేండ్ల బాలునకు ఆ టీకామందు నిచ్చెను. మన దక్షిణదేశమున కూనూరులో 1907లోనే ఆయన పేర సంస్థ వెలసినది. అన్ని యేండ్లుగా మందున్న వ్యాధికి మా పిల్లవాడు పోయినాడు. అమ్మలారా, కుక్క కరచినను, గీరినను, ఆ క్షణముననే సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద పదునైదు నిమిషములు గాయమును కడుగుడు. వెంటనే వైద్యుని కడకు పొండు. చెప్పిన సూదులన్నియు చెప్పిన దినములలోనే వేయింపుడు. పసరు పూయకుడు. ఇది యాత్రావ్యాసమున నిమిడెడి మాట కాదని తెలిసియు వ్రాసితిని.

ఈ సంగతి డాక్టరమ్మకు తెలియును. "మావి రెండూ ఏటేటా టీకాలు వేయించుకున్నవే. నువ్వు ముట్టుకోనక్కర లేదు, ఒక బండిలో కూర్చుంటే చాలు," అని నన్ను ఒప్పించినది. అరకునకు రైలుబండి యున్నది కదా యని మీరడుగవచ్చును. ఉన్నది, సొరంగములలోనుండి పోవు ఆ దారి చక్కదనము ప్రసిద్ధమే. కాని పెద్ద కుక్కను రైలులో తీసికొనిపోవలెనన్న, మొదటి తరగతిలో నొక గది మొత్తము మనమే పుచ్చుకొనవలెను; లేకున్న గార్డు పెట్టెలోని బోనున నుంచవలెను. ముసలివానిని చీకటి బోనులో పెట్టుటకు అక్కయ్యగారు సమ్మతింపలేదు. కాబట్టి రోడ్డుమార్గమే నిశ్చయమైనది.

డిసెంబరు మాసమున రెండవ శనివారమునకు ముందటి శుక్రవారము తెల్లవారుజామున బయలుదేరితిమి. మావారు ఒక్కదినము సెలవు పెట్టిరి. సోమవారమునుండి బడిలో పరీక్షలు. ప్రశ్నపత్రముల బీరువా తాళపుచెవులు వారి జేబులోనే యుండెను. ఆదివారము రాత్రికి తప్పక ఇల్లు చేరుదుమని మాట యిచ్చి యుండిరి. ఈ సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

కుక్కలతో ప్రయాణమునకు కావలసిన సంభారములు చంటిపిల్లల సంభారములకు తీసిపోవు. నీళ్లకు వేరు గిన్నె, పరుపునకు పాత దుప్పటి, గాయములకు మందులు, మెడబెల్టులపై ఫోను సంఖ్య చెక్కిన బిళ్లలు. బండి మలుపులు తిరుగునప్పుడు కుక్కలకును వాంతులగును గనుక బయలుదేరుటకు మూడు నాలుగు గంటలు ముందుగనే స్వల్పముగా తినిపించిరి. ప్రతి రెండు గంటలకును ఆపి నడిపించిరి. నేను పులిహోరలో కొంత చిట్టికి పెట్టబోగా డాక్టరమ్మ వారించినది. మనము కమ్మగా తిను ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్టు, కాఫీ, ఇవి యన్నియు కుక్కలకు విషప్రాయములట. పులిహోరలో ఉల్లి లేకపోయినను ఉప్పుకారము లున్నవి కదా. మిగిలిన అన్నము కుక్కకు వేయుట పుణ్యమని తలచు మన యిండ్లలో ఈ మాట తెలిసినవా రెందరు?

జామి దాటి శృంగవరపుకోట చేరునప్పటికి తెలతెలవారినది. వరికోతలు ముగిసిన పొలములలో కుప్పలు నిలిచియుండెను. కోట దాటిన కొంతసేపటికి నేల పైకి లేచుట మొదలిడినది. అచటినుండి అనంతగిరి కనుమ. ఒకవంక గోడవలె కొండ, ఒకవంక చూపు దిగబడు లోయ; పాము మెలికలవంటి మలుపులు. ఎక్కువానికి దిగువాడు దారి యియ్యవలెను. మలుపు కనబడక ముందే హారను మ్రోయింపవలెను. దిగునప్పుడు బ్రేకునే నమ్ముకొనక తక్కువ గేరులో దిగవలెను. ఇవి యచటి మర్యాదలు. వీనిని పాటింపక పాటలు పెట్టుకొని దూసికొనిపోవు పడుచువాండ్రను చూచి మావారు తరగతిలో వలెనే, "ఒరేయ్, నెమ్మది!" అని బండిలోనుండియే కేకవేసిరి.

అనంతగిరి దగ్గర కాఫీతోటలు. కాఫీచెట్టునకు సూటియెండ సరిపడదు గనుక నిలువుగా నెదిగిన సిల్వరోకు చెట్ల నీడలో దానిని పెంచెదరు. ఆ పెద్దచెట్ల మొదళ్లకు మిరియపు తీగెలు చుట్టుకొని యుండును. నీడకు నీడ, పంటమీద పంట. మేము పోయినది కాయలు పండి యెర్రబడిన అదను. స్త్రీలు నడుమునకు కట్టిన బుట్టలలోనికి ఒక్కొక్క పండునే ఏరి కోయుచుండిరి. పచ్చికాయ కలిసిన రుచి చెడునట. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మనము ప్రొద్దున్నే గ్రుక్కెడు త్రాగి, "చిక్కగా లేదు" అని విసుగుకొను కాఫీవెనుక ఇన్ని వ్రేళ్ల పని యున్నదని నే నెన్నడు నెరుగను. చిట్టి రాలిన పండొకటి నోట కరచుకొనగా డాక్టరమ్మ వ్రేలు పెట్టి పెకలించి తీసినది. ఆ నోటిలో వ్రేలు పెట్టుట చూచి నా యొడలు జలదరించినది.

బొర్రా గుహలకు కుక్కలను తీసికొనిపోవుట యుచితము కాదు గనుక వంతులు వేసికొంటిమి. మొదట నేనును, మావారును, డాక్టరమ్మయు దిగితిమి. సున్నపురాతిని నీరు కరగించి, బొట్టుబొట్టుగా వ్రేలాడు స్తంభములను చెక్కిన మహాశిల్పశాల యది. పైనుండి దిగు కొనకు క్రిందినుండి లేచు కొన యెదురుపోవుచుండును. రెండును కలియుటకు ఎన్ని వేల యేండ్లో. ఒక ఆవు పైనున్న కంతలోనుండి గుహలోనికి పడగా, కాపరి వెదకుచు దిగి శివలింగమును కనుగొనెనని యచటివారి కథ. ఈ కొండలలో పుట్టి, భీమునిపట్టణము కడ సముద్రమును చేరు ఏటికి గోస్తని యని పేరు. పైకి వచ్చిచూడగా అక్కయ్యగారు ఒక బండపై కూర్చుండియుండిరి; భైరవుడు ఆమె చెప్పులమీద తల పెట్టి నిద్రించుచుండెను. ఆమెను చూచి రమ్మనగా, "ఆయనతో ఒకసారి చూశానమ్మా. ఇప్పుడు వీడు లేచిపోతాడు," అని కదలలేదు.

గాలికొండ మీద గాలి పేరునకు తగినట్లే వీచినది. అరకులోయ సముద్రమునకు తొమ్మిదివందల మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. లోయలో వలిసెచేలు పూచియుండెను. ముందే పూచిన చేలు కోతకు వచ్చినవి. ఆలస్యముగా విత్తిన మళ్లు మాత్రము పసుపుబట్టలు ఆరవేసినట్లు కనబడుచుండెను. ఆ గింజలనుండి నూనె తీయుదురు. చేల నడుమ ఫొటోలకై త్రొక్కి నడచువారిని చూచిన నాకు కోపము వచ్చినది. ఆ పువ్వు మనకు వేడుక, రైతునకు గ్రాసము. ఆ రాత్రి బసలో తక్కినవారు వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసము తెప్పించుకొనిరి. నేను పెరుగన్నము తింటిని. కుక్కలకు ఉప్పు లేకుండ ఉడికించిన మాంసము వేరుగా వచ్చినది. నాకన్న వానికే మర్యాద యెక్కువగా జరిగినదని మావారు పరిహాసమాడిరి.

మరునాడు పాడేరు మీదుగా చింతపల్లి దారి పట్టితిమి. 2022 ఏప్రిలులో ఈ మన్యమునకు అల్లూరి సీతారామరాజు పేర వేరు జిల్లా యేర్పడి, పాడేరు దాని ముఖ్యపట్టణ మైనది. చింతపల్లిలో బండి ఆగినప్పుడు మావారు ఉపాధ్యాయులు గనుక ఊరకుండలేకపోయిరి. 1922 ఆగస్టు 22వ తేదీన రాజుగారును, ఆయన వెంట మన్యపు వీరులును ఇచటి పోలీసు ఠాణాను ముట్టడించి తుపాకులు పట్టుకొనిన కథను, అరటిపండ్ల బండి ప్రక్కన నిలిచి, మాకందరకును పాఠముగా చెప్పిరి. అరటిపండ్లమ్ము ముసలమ్మ శ్రద్ధగా వినినది. శ్రద్ధగా వినక పోయినవాడు భైరవుడొక్కడే. వాడు బండి చక్రమును వాసన చూచుచుండెను.

సాయంకాలమునకు లంబసింగి చేరితిమి. ఇది సముద్రమునకు సుమారు వేయి మీటర్ల యెత్తుననున్న చిన్న పల్లె. దీనికి కొర్రబయలను పేరును గలదు. రాత్రి బయలున నుండినవాడు కొర్రవలె బిగిసిపోవునని దాని యర్థమట. కొన్ని యేండ్లలో చలి సున్న డిగ్రీల చేరువకు దిగును. సముద్రతీరపు ఉక్కలో పెరిగిన మనకు ఆంధ్రదేశమున ఇట్టి చోటున్నదనుటయే యాశ్చర్యము. కారణము కష్టమైనది కాదు. మబ్బు లేని, గాలి లేని శీతకాలపు రాత్రులలో నేల తన వేడినంతయు ఆకాశమునకు వదలును. చల్లబడిన గాలి బరువెక్కి చుట్టునున్న కొండల చరియలవెంట క్రిందికి జారి, గిన్నెవంటి లోయలో నిలిచిపోవును. అందలి తేమయే మంచుపొగ. ప్రొద్దెక్కి నేల వేడెక్కువరకు అది కదలదు.

ఆదివారము నాలుగున్నర గంటలకే లేచితిమి. చెరువులవేనమను గుట్టపైకి పోయి, సూర్యోదయ సమయమున కాళ్లక్రింద పాలసముద్రమువలె పరచుకొను మేఘములను చూడవలెనని మా యుద్దేశము. బయట అడుగుపెట్టగా ప్రపంచము లేదు. చాచిన చేయి మణికట్టు వరకే కనబడుచున్నది. బండికి పెద్దవెలుగు వేసిన మంచు దానిని మన కంటికే త్రిప్పికొట్టునని, చిన్నదీపములు మాత్రము వేసి, డాక్టరమ్మ భర్త బండిని రోడ్డునకు త్రిప్పుచుండెను. మావారు ముందునడచి దారి చూపుచుండిరి. డాక్టరమ్మ చిట్టిని ఎత్తుకొని యుండెను. అక్కయ్యగారు భైరవుని గొలుసు నా చేతి కిచ్చి, "ఒక్క నిమిషం పట్టుకో అమ్మాయీ, లోపలినుంచి శాలువ తీసుకుంటాను," అనిరి.

వలదనుటకు నోరు రాలేదు. చీరచెరగు అడ్డుపెట్టి, రెండు వ్రేళ్లతో గొలుసు పట్టుకొంటిని. ముసలివాడు నా దగ్గరకు జరిగి, చల్లని తడిముక్కును నా చేతికి ఆనించెను. అంతియే. నేను చేయి విదలించితిని. అదే క్షణమున మలుపునుండి యొక జీపు పెద్ద హారనుతో, వెలుగుతో మీదికి వచ్చినట్లు వచ్చి దాటిపోయెను. గొలుసు రాళ్లమీద గలగలమని పోవుట వింటిని. తరువాత నేమియు వినబడలేదు.

అందరును పరుగున రాగా, "లాగేసుకొని పోయాడు," అని చెప్పితిని. అది అబద్ధము.

డాక్టరమ్మ మమ్ము నిలువరించినది. అందరు కేకలు వేయుచు నలుదెసల పరుగెత్తిన కుక్క మరింత బెదరి దూరమగును. వినికిడి లేనివానికి కేకలెందుకు? వానికి మిగిలినది ముక్కొక్కటే. కాబట్టి తప్పిన చోటనే అక్కయ్యగారు కట్టి విడిచిన బట్ట పెట్టి, ఒకరు కదలక కూర్చుండవలెను. తక్కినవారు జంటలుగా నెమ్మదిగా వెదకవలెను; టీ కొట్లవారికి చెప్పవలెను. ఎచటనైన చిక్కుపడి కనబడిన, మీద పడి పట్టుకొనరాదు. నొప్పిలోను భయములోను నున్న కుక్క తన యజమానినైన కరచును. ముందు దానిపై గుడ్డ కప్పవలెను. ఈ విధముగా చెప్పి, "నువ్వు ఇక్కడ కూర్చో," అని నాకు అక్కయ్యగారి పాత శాలువ నిచ్చినది.

పోవుటకు ముందు మావారు చేతిగడియారము చూచుకొనిరి. ఏమియు ననలేదు. అయినను అక్కయ్యగారు గ్రహించిరి. "మాస్టారూ, మీకు పరీక్షలున్నాయి. మధ్యాహ్నానికి దొరక్కపోతే మీరంతా వెళ్లండి. నేను బస్సులో వస్తాను. వాణ్ణి వదిలి మాత్రం రాను." ఆ గొంతులో కోపము లేదు, కన్నీరు లేదు. ఉండిన నాకు కొంత సులభమై యుండును.

మైలురాయిమీద శాలువ యొడిలో పెట్టుకొని కూర్చుంటిని. మా తాతగారు నాకు భారతము చెప్పినప్పుడు ఆదిపర్వమున సరమ కథ మొదట వచ్చినది. జనమేజయుని యాగశాలకు ఆడుకొనుటకు వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ములు తప్పులేకయే కొట్టిరి. దాని తల్లి వచ్చి న్యాయమడిగినది. అంత పెద్ద గ్రంథమునకు నాందిగా కుక్కతల్లి మొరయా యని నేను నవ్వితినట. మహాప్రస్థానమున మరల కుక్క. ద్రౌపది పడిపోయిన వెనుదిరిగి చూడని ధర్మరాజు, కుక్కను వదలి స్వర్గమునకు రాననుట యేమి న్యాయమని పండ్రెండేండ్లప్పుడు తాతగారితో వాదించితిని. ఇంద్రుడును ఆ ప్రశ్ననే వేసినాడనియు, వారు మరణించిన పిదప విడిచితినే కాని ప్రాణముండగా విడువలేదని ధర్మరాజు చెప్పినాడనియు తాతగారు బదులు చెప్పిరి. ఆనా డది నాకు లాయరు జవాబుగా తోచినది. ఈనాడును ద్రౌపది విషయమున నాకు పూర్తిగా సమాధానము లేదు. అయినను ఆ మైలురాయిపై కూర్చుండి, ప్రాణముండగా ననుమాట మాత్రము మరల మరల తలచుకొంటిని. ఆ కుక్క ధర్మదేవతయే యని కథచివర తెలియును. భైరవుడు ఏ దేవతయు కాడు; దంతములు సగమూడిన ముసలికుక్క.

ఎనిమిదిన్నర గంటలకు మంచు తెల్లబడినది. సూర్యుడు పున్నమిచంద్రునివలె చల్లగా కనబడెను. అప్పుడు రోడ్డు దిగువనుండి గొలుసు చప్పుడు వినబడినది. ఒకసారి, మరల కొంతసేపటికి ఒకసారి. కేకవేసితిని, ఎవరును పలుకలేదు. చీర ఎగదోపుకొని గట్టు దిగితిని. పదునైదడుగుల క్రింద ముండ్లపొదలో గొలుసు చుట్టుకొని, మెడ బిగిసి, వాడు పడియుండెను. కన్నులు తెరచియే యుండెను. నన్ను చూచి మూలిగి పండ్లు కనబరచెను.

భయపడలేదని వ్రాసిన అది రెండవ అబద్ధమగును. కాళ్లు వణకినవి. మా మేనమామ కొడుకు ముఖము కనబడినది. నా యొంటిమీది శాలువ తీసి వాని తలమీదుగా కప్పితిని. అక్కయ్యగారి శాలువను ముక్కుకడ పెట్టితిని. మూలుగు తగ్గెను. గొలుసు మాత్రము నా చేతికి ఊడిరాలేదు. అంతలో కట్టెలకై పోవుచున్న మన్యపుస్త్రీ యొకతె గట్టుమీదినుండి చూచి, మారుమాట లేక దిగివచ్చి, నడుమునున్న కత్తి తీసికొని, "నువ్ పట్టుకోమ్మా, నేను కొడతా," అన్నది. పట్టుకొనక గతి లేదు. రెండు చేతులతో వాని మెడను, రొమ్మును అదిమి పట్టుకొంటిని. చలికి తడిసిన బొచ్చుక్రింద గుండె ఎంత వేగముగా కొట్టుకొనుచుండెనో నా అరచేతులకు తెలిసినది. ఆమె నాలుగు వ్రేటులలో కొమ్మలు నరికినది. నేను డబ్బు తీయునంతలో కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని మంచులో కలిసిపోయినది. పేరైన అడుగలేదు.

అక్కయ్యగారు వచ్చినప్పుడు వాడు నా పాదములమీద బరువు మోపి కూర్చుండియుండెను. ఆమె రోడ్డుమీదనే చతికిలబడి, వాని వ్రాలిన చెవిని పట్టుకొని, అప్పుడు ఏడ్చిరి. డాక్టరమ్మ వాని కాలిగాయమునకు మందు కట్టి, పిమ్మట నా చేతులు పరీక్షించినది. ముండ్ల గీతలే, పంటిగాటు లేదు. అయినను టీ కొట్టు కుళాయిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగించినది. గడియారము పట్టుకొని నిలిచినవారు మావారు.

చెరువులవేనము చూడనే లేదు. పాలసముద్రము ఎట్లుండునో చూచినవారు మీకు చెప్పుదురు గాక. పదునొకండు గంటలకు నర్సీపట్నము వైపు దిగుట మొదలిడితిమి. ఒక్కొక్క మలుపునకు ఒక్కొక్క ఉన్నిబట్ట తీసివేయుచు దిగితిమి. చింతచెట్ల నీడ యొకచోట ఆగినప్పుడు, అక్కయ్యగారి ప్రక్కకు పోయి జరిగినది చెప్పితిని. "వాడు లాగలేదండీ. నేనే వదిలేశాను."

"తెలుసును," అనిరి ఆమె. "బండి దీపపు వెలుగులో చూశాను. చేయి విదిలించి చెరగుకు తుడుచుకుంటున్నావు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అంటే నువ్వు బండిలో కూర్చుని ఏడ్చేదానివి. నాకు రాతిమీద కూర్చునే మనిషి కావాలి."

నేనేమి చెప్పగలను? ఆమె నాకు ఒక నారింజపండు ఒలిచి సగమిచ్చి, సగము తాను తినెను.

రాత్రి తొమ్మిది గంటలకు ఇల్లు చేరితిమి. తాళపుచెవులు భద్రముగానే యున్నవి. మా అత్తగారు నేను లోనికి వచ్చుటకు ముందే పెరటిలో వేడినీళ్లు తోడించి యుంచిరి. స్నానము చేసి వచ్చి కథయంతయు చెప్పగా విని, "ఆ కట్టెల మనిషికి ఓ పాత చీరైనా ఇవ్వలేకపోయావా," అని మాత్రమనిరి. నా శాలువనిండ ముండ్లు, గోధుమవన్నె వెంట్రుకలు. ఉతికినను పనికిరాదని తోచి, మరునాడు ముండ్లు ఏరి అక్కయ్యగారింటికి పంపితిని. భైరవుడు ఇప్పుడు దానిమీదనే పండుకొనుచున్నాడట. నేను ఆ వీధిన పోవునప్పుడు వాడు లేచివచ్చి గేటులోనుండి ముక్కు బయటపెట్టును. ఒకనాడు నిలిచెదను, ఒకనాడు పని యున్నదని సాగిపోయెదను.